దీర్ఘకాలిక సైనస్ దిబ్బడ: గృహ ఉపశమనం

నిర్వచనం

ముక్కు లోపలి పొర, ముఖపు ఎముకల్లో ఉండే గాలి గదుల (సైనస్‌ల) పొర వాచి, ఆ వాపు 12 వారాలు దాటినా తగ్గకపోతే దాన్ని దీర్ఘకాలిక రైనోసైనసైటిస్ అంటారు. ముక్కు బిగుసుకుపోవడం, చీమిడి ముందుకు గానీ గొంతులోకి గానీ కారడం, ముఖంలో నొప్పి లేదా బరువు, వాసన తగ్గడం అనే నాలుగు లక్షణాల్లో కనీసం రెండు ఉండాలి. ఆ రెండింటిలో ఒకటి దిబ్బడో చీమిడో అయి ఉండాలి. వీటికి తోడు ఎండోస్కోపీలో చీము, వాపు, పాలిప్‌లు కనిపించడమో, సీటీ స్కాన్‌లో మార్పులు తేలడమో జరిగితేనే నిర్ధారణ పూర్తయినట్టు. నాలుగు వారాల్లోపు తగ్గిపోయేది స్వల్పకాలిక సైనసైటిస్. దానిలో అత్యధిక భాగం మామూలు జలుబు వైరస్‌ల వల్ల వచ్చేదే.

దీర్ఘకాలిక రూపం ప్రధానంగా వాపు జబ్బు, సూక్ష్మక్రిముల పాత్ర అందులో ఒక భాగం మాత్రమే. యాంటీబయాటిక్ కోర్సులు ఎన్ని వాడినా కొందరికి నెల తిరిగేసరికి దిబ్బడ మళ్లీ రావడానికి కారణం ఇదే. ఇంట్లో చేసుకోగలిగిన పనులు వాపును అదుపులో ఉంచడానికీ, పేరుకున్న శ్లేష్మాన్ని కడిగివేయడానికీ ఉపయోగపడతాయి. జబ్బు మూలాన్ని అవి తీసివేయవు.

నిర్మాణం, పనితీరు

సైనస్‌లు నాలుగు జతలు: చెక్కిళ్ల వెనక, నుదుట, రెండు కళ్ల మధ్య, పుర్రె లోతున. పుట్టినప్పుడు చెక్కిళ్ల గదులు, కళ్ల మధ్య గదులు చిన్నవిగా ఉంటాయి. నుదుటి గదులు బాల్యంలో ఆలస్యంగా ఏర్పడి యౌవనం దాకా పెరుగుతాయి. అందుకే చిన్న పిల్లలకు నుదుటి సైనసైటిస్ సాధారణంగా రాదు. అన్నిటిలో పెద్దవైన చెక్కిళ్ల గదుల్లో పెద్దవారికి ఒక్కొక్క దానిలో సుమారు 15 మిల్లీలీటర్ల గాలి పడుతుంది.

ఈ గదుల లోపలి పొర నిరంతరం శ్లేష్మాన్ని స్రవిస్తుంది. పొర మీద శైలికలు అనే సన్నని నూగు ఉంటుంది. అది సెకనుకు సుమారు 10 నుంచి 15 సార్లు ఊగుతూ శ్లేష్మాన్ని, అందులో చిక్కిన దుమ్మును ముక్కు వైపు, అక్కడి నుంచి గొంతు వైపు నెడుతుంది. మనం గమనించకుండానే దాన్ని మింగేస్తాం. చెక్కిలి గదిలో ఒక చిక్కు ఉంది. ఓవర్‌హెడ్ ట్యాంకుకు గొట్టం అడుగున కాక పై అంచున బిగించినట్టు, దాని రంధ్రం గోడకు పైభాగాన ఉంటుంది. నిలబడి ఉన్నప్పుడు శ్లేష్మం దానంతట అది కిందికి జారిపోదు, శైలికలే దాన్ని పైకి ఎక్కించాలి. పొర వాచి కొన్ని మిల్లీమీటర్ల రంధ్రం మూసుకుపోయినా, శైలికలు నీరసించినా లోపలి శ్లేష్మం అక్కడే ఉండిపోయి చిక్కబడుతుంది. చెక్కిలి, నుదురు, కళ్ల మధ్య ముందరి గదుల దారులన్నీ ముక్కు పక్కగోడ మీద ఒకే ఇరుకు ప్రాంతంలో తెరుచుకుంటాయి కనుక అక్కడ కొద్దిపాటి వాపు వచ్చినా అనేక గదులు ఒకేసారి మూతపడతాయి.

ఆరోగ్యంగా ఉన్నవారికి కూడా రెండు ముక్కురంధ్రాలు ఎల్లవేళలా సమానంగా తెరుచుకుని ఉండవు. లోపలి మడతలు వంతులవారీగా ఉబ్బి తగ్గుతూ ఉంటాయి. కొన్ని గంటలు ఒక వైపు, తరువాత మరో వైపు గాలి ఎక్కువగా ఆడుతుంది. దీన్ని ఆధునిక వైద్యంలో 1895లో వివరించినవాడు రిచర్డ్ కైజర్ అనే జర్మన్ వైద్యుడు. ఇడ, పింగళ అంటూ స్వరశాస్త్రం చెప్పేది కూడా ఈ మార్పునే ఆధారం చేసుకుంది. పక్కకు తిరిగి పడుకుంటే కింది వైపు ముక్కు బిగుస్తుంది. రాత్రిపూట ఒక్కో వైపు మారుతూ వచ్చే దిబ్బడంతా జబ్బు కాదన్న సంగతి తెలిస్తే చాలా మందులు సీసాలోనే ఉండిపోతాయి.

చరిత్ర

చరక, సుశ్రుత సంహితలు ప్రతిశ్యాయం, పీనసం అనే పేర్లతో ముక్కు జబ్బులను వర్ణించి, ముక్కు ద్వారా మందు వేసే నస్యాన్ని చికిత్సగా చెప్పాయి. 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రచించిన హఠయోగ ప్రదీపికలో షట్కర్మల్లో ఒకటిగా నేతి కనిపిస్తుంది. అక్కడ చెప్పింది దారాన్ని ముక్కులోంచి పోనిచ్చి నోటి గుండా తీసే సూత్రనేతి. కొమ్ము ఉన్న చెంబుతో ఉప్పునీళ్లు పోసుకునే జలనేతి ఇప్పటి యోగ శిక్షణలో దానికన్నా ఎక్కువ వాడుకలో ఉంది. ఇస్లాంలో నమాజుకు ముందు చేసే వజూలో కూడా ముక్కులోకి నీరు పీల్చి చీదడం ఉంది.

ఐరోపాలో చెక్కిలి గదిని లియొనార్డో డావిన్చి 1489లో బొమ్మగా గీశాడు. ఇంగ్లిష్ వైద్యుడు నథానియెల్ హైమోర్ 1651లో విపులంగా వర్ణించడంతో దానికి అతని పేరే స్థిరపడింది. 1893లో అమెరికాలో కాల్డ్‌వెల్, 1897లో ఫ్రాన్స్‌లో లూక్ పైపెదవి లోపలి నుంచి ఎముకను తొలిచి గదిని శుభ్రం చేసే శస్త్రచికిత్సను వేరువేరుగా ప్రకటించారు. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో వాల్టర్ మెసెర్‌క్లింగర్ ఎండోస్కోప్‌తో శ్లేష్మం నడిచే దారులను పరిశీలించి, గదిని తొలచడం కన్నా మూసుకుపోయిన సహజ రంధ్రాన్ని తెరవడమే మేలని చూపాడు. నేటి ఎండోస్కోపిక్ శస్త్రచికిత్సకు పునాది అదే. 1980లలో డేవిడ్ కెనెడీ, హైన్జ్ స్టామ్‌బర్గర్ దాన్ని ప్రచారంలోకి తెచ్చారు.

ఇంటి మందుల చరిత్రలో ఒక తెలుగు ఘట్టం ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. ఆ వ్యాపారం అండతోనే ఆంధ్రపత్రిక వెలిసింది.

రకాలు, కారణాలు

పాలిప్‌లు ఉన్నది, లేనిది అని దీర్ఘకాలిక సైనసైటిస్‌ను స్థూలంగా రెండుగా విభజిస్తారు. పాలిప్ అంటే వాచిన పొర ద్రాక్షపండు ఆకారంలో వేలాడడం. దీన్నే జనం ముక్కులో కండ పెరిగిందంటారు. పాలిప్‌లున్న వారిలో వాసన కోల్పోవడం, ఉబ్బసం ఎక్కువ. ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు వేసుకుంటే ఉబ్బసం విజృంభించే వర్గం కూడా ఒకటుంది. ఫంగస్‌కు అలర్జీగా వచ్చేది మరో రకం.

ఒకే వైపు దుర్వాసనతో చీము కారుతుంటే పై దవడ పళ్లను తప్పనిసరిగా చూడాలి. పై దంతాల వేర్లు చెక్కిలి గది అడుగుకు ఆనుకుని ఉంటాయి. పుచ్చిన పన్నును వదిలేసి ఎన్నాళ్లు ఆవిరి పట్టినా ఫలితం ఉండదు.

ముక్కు దూలం వంకర, పిల్లల్లో ఎడినాయిడ్స్, పొగాకు, పొయ్యి పొగ, అలర్జీ ఈ స్థితికి తోడవుతాయి. తెలుగు ప్రాంతాల్లో ఇంటి దుమ్ములోని పురుగులు, బొద్దింకల అవశేషాలు, బూజు, పొలాల గట్ల మీద పెరిగే వయ్యారిభామ పుప్పొడి అలర్జీకి తెలిసిన కారకాలు. పత్తి జిన్నింగ్, రైస్ మిల్లులు, మిర్చి యార్డుల్లో పనిచేసేవారికి రోజంతా దుమ్ము తప్పదు. అమెరికాలోని టెక్సస్‌లో స్థిరపడిన తెలుగువారికి చలికాలంలో అక్కడి సీడార్ చెట్ల పుప్పొడి కొత్త సమస్యగా ఎదురవుతుంది.

తలనొప్పి మాత్రమే ఉండి చీమిడి, దిబ్బడ లేకపోతే అది చాలావరకు సైనస్ కాదు. 2004లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, సైనస్ తలనొప్పి ఉందని తామే అనుకున్న లేదా వైద్యులు చెప్పిన 2,991 మందిని పరీక్షించగా 88 శాతం మంది లక్షణాలు మైగ్రేన్ తరహావని తేలింది.

ఉప్పునీటి ప్రక్షాళన

ఇంటి పద్ధతుల్లో మిగతావాటికన్నా మంచి ఆధారం ఉన్నది ఇదే. చిక్కబడ్డ శ్లేష్మాన్ని, పుప్పొడిని, వాపు పెంచే రసాయనాలను ఇది కడిగివేస్తుంది, శైలికల పనికి వీలు కల్పిస్తుంది. శస్త్రచికిత్స జరగని ముక్కులో నీరు గదుల లోపలికి పెద్దగా చేరదు. వాటి రంధ్రాలు తెరుచుకునే ఇరుకు దారి శుభ్రపడుతుంది, దాంతోనే చాలామందికి తేలిక కలుగుతుంది.

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 76 మందిపై జరిపి 2002లో ప్రచురించిన పరిశోధనలో రోజూ 2 శాతం ఉప్పునీటితో కడుక్కున్నవారికి ఆరు నెలల్లో లక్షణాలు తగ్గాయి, మందుల వాడకమూ తగ్గింది. ఇంగ్లండులో 871 మందిపై జరిపి 2016లో ప్రచురించిన పెద్ద పరిశోధన ప్రక్షాళనను, ఆవిరిని పక్కపక్కన పెట్టి చూసింది. ప్రక్షాళన వల్ల మేలు కనిపించింది గానీ అది ఓ మోస్తరుదే. ఆవిరి వల్ల తలనొప్పి కొంత తగ్గడం మినహా చెప్పుకోదగ్గ ఫలితం కనిపించలేదు. అదే ఏడాది వెలువడిన కాక్రేన్ సమీక్ష ఎక్కువ పరిమాణంలో నీటిని వాడే పద్ధతికి కొంత ప్రయోజనం ఉందంటూనే ఆధారాల నాణ్యత తక్కువని పేర్కొంది.

ద్రావణం: శరీర ద్రవాలకు సమానమైన గాఢత 0.9 శాతం, అంటే లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు. ఇంటి లెక్కలో అర లీటరుకు ముప్పావు టీస్పూను. చిటికెడు వంటసోడా కలిపితే మంట తగ్గుతుంది. ఉప్పు వేయని నీళ్లు పొరను మండిస్తాయి. ఎక్కువ ఉప్పు వేస్తే దిబ్బడ కొంత త్వరగా దిగవచ్చు, కానీ మంట పెరుగుతుంది. అయోడిన్ కలిపిన ఉప్పు కొందరికి చురుక్కుమంటుంది. కల్లుప్పులో మట్టి, ఇతర మాలిన్యాలు ఉండే అవకాశం ఉంది కనుక మందుల షాపుల్లో దొరికే పొట్లాలు వాడటం సులువు.

నీరు: పద్ధతి మొత్తంలో ప్రాణాంతకం కాగలది ఇదొక్కటే. కుళాయి, బోరు, బావి నీళ్లలో ఉండే నేగ్లేరియా ఫౌలరీ అనే అమీబా తాగితే హాని చేయదు. ముక్కు పైభాగం చేరితే మాత్రం వాసన నాడి వెంట మెదడుకు పాకుతుంది, సోకినవారిలో దాదాపు అందరూ మరణిస్తారు. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీటితో నేతి చేసుకున్న ఇద్దరు ఇలాగే చనిపోయారు. అమీబా మెదడువాపు కేసులు 2024, 2025లలో కేరళలో వరుసగా బయటపడ్డాయి. నీటిని తెర్లేలా కనీసం ఒక నిమిషం మరిగించి, మూతపెట్టి చల్లార్చి వాడాలి. డిస్టిల్డ్ వాటర్ కూడా పనికొస్తుంది. ఇంటి ప్యూరిఫైయర్ నీటిని నేరుగా వాడకూడదు, ట్యాంకులో, కుళాయి మూతిలో క్రిములు చేరే వీలుంది.

విధానం: గోరువెచ్చటి ద్రావణం సుమారు 240 మిల్లీలీటర్లు నేతి చెంబులో గానీ మెత్తటి ప్లాస్టిక్ సీసాలో గానీ తీసుకుంటారు. వాష్‌బేసిన్ మీదికి వంగి, తల కొద్దిగా పక్కకు తిప్పి, నోటితో గాలి పీలుస్తూ పై రంధ్రంలోకి పోస్తే కింది రంధ్రం గుండా బయటికి వస్తుంది. సగం ఒక వైపు, సగం రెండో వైపు. తరువాత కాసేపు ముందుకు వంగి ఉండి, రెండు రంధ్రాలూ తెరిచి మెల్లగా చీదాలి. ఒకటి మూసి గట్టిగా చీదితే ఒత్తిడి చెవికి పోతుంది. లోపల మిగిలిన నీరు పడుకున్నాక గొంతులోకి జారుతుంది కాబట్టి నిద్రకు గంట ముందే ముగించడం మంచిది. పాత్రను ప్రతిసారీ కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ముక్కు పూర్తిగా మూసుకుపోయినప్పుడు, చెవిపోటు ఉన్నప్పుడు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినప్పుడు వైద్యుని అడగకుండా చేయకూడదు.

ఆవిరి, అంజనాలు, కషాయాలు

తెలుగు ఇళ్లలో అత్యంత ఆదరణ ఉన్నవి ఇవి. పేరున్నంత ఆధారం మాత్రం వీటికి లేదు. పసుపు, వావిలాకు, నీలగిరి తైలం వేసి దుప్పటి కప్పుకుని ఆవిరి పడితే చీమిడి పలుచబడుతుంది, వెచ్చదనానికి హాయిగా ఉంటుంది. ఆ హాయి దీర్ఘకాలిక లక్షణాలను పెద్దగా తగ్గించదని పైన చెప్పిన ఇంగ్లండు పరిశోధన చూపింది. 2021లో కోవిడ్ రెండో దశలో ఇంటింటా ఆవిరి పట్టినా వైరస్‌ను అది చంపిందన్న రుజువు లేదు. మరిగే గిన్నె ఒళ్లో ఒలికి కాలిన పిల్లల కేసులు అనేక దేశాల వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పిల్లలకు ఆవిరి పట్టించకూడదు. పెద్దలు కూడా గిన్నెను పొయ్యి మీద నుంచి దించి, బల్ల మీద కదలకుండా పెట్టుకోవాలి.

అంజనాల్లోని పుదీనా పువ్వు (మెంథాల్) ముక్కులో చలిని పసిగట్టే నాడి గ్రాహకాలను ప్రేరేపిస్తుంది. గాలి ధారాళంగా ఆడుతున్నట్టు తోస్తుంది, కొలిచి చూస్తే దారి వెడల్పు మారదు. నిద్ర పట్టడానికి ఆ భావన చాలనుకునేవారికి వాడకంలో తప్పు లేదు. కర్పూరం ఉన్నవాటిని రెండేళ్లలోపు పిల్లలకు రాయకూడదు, ముక్కురంధ్రాల్లో ఎవరూ పెట్టుకోకూడదు.

మిరియాల చారు, శొంఠి కాఫీ, వేడి నీళ్లు కూడా ఇంతే. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 2008లో వెలువడిన చిన్న అధ్యయనంలో వేడి పానీయం తాగినవారికి తేలికపడినట్టు అనిపించింది, గాలి ప్రవాహంలో మార్పు రాలేదు. మిరియం, మిరప ఘాటుకు ముక్కు కారడం నాడీ ప్రతిస్పందన. పసుపు పాలు వాపును తగ్గిస్తాయన్న నమ్మకానికి ఈ జబ్బు విషయంలో సరైన పరీక్షల మద్దతు లేదు.

భ్రామరి ప్రాణాయామం వంటి హుంకారం గురించి ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. స్వీడన్ పరిశోధకులు 2002లో కొలిచినప్పుడు, హుమ్మని ధ్వని చేస్తూ గాలి వదిలినప్పుడు ముక్కు నుంచి వెలువడే నైట్రిక్ ఆక్సైడ్ నిశ్శబ్దంగా వదిలినప్పటి కన్నా 15 రెట్లు ఎక్కువగా ఉంది. ధ్వని కంపనాలకు గదుల్లోని గాలి మారుతోందని దీనర్థం. ఇది చికిత్సగా నిలుస్తుందని మాత్రం తేలలేదు.

నూనె, నెయ్యి ముక్కులో వేయడం వేరే విషయం. పసిపిల్లల ముక్కులో ఆముదం వేసే అలవాటు ప్రమాదకరం. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే మందులకు ఓ పట్టాన లొంగని న్యుమోనియా వస్తుంది. పెద్దలకు అణుతైలం వంటి నస్యాన్ని శిక్షణ పొందిన ఆయుర్వేద వైద్యుడే చేయించాలి.

చుక్కలు, స్ప్రేలు, మాత్రలు

జైలోమెటాజొలిన్, ఆక్సిమెటాజొలిన్ చుక్కలు రక్తనాళాలను ముడిచి నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. వరుసగా మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడితే మందు ప్రభావం దిగగానే మునుపటికన్నా ఎక్కువ దిబ్బడ వస్తుంది. దానికి విరుగుడుగా మళ్లీ అదే మందు వేసుకుంటూ ఏళ్ల తరబడి జేబులో సీసాతో తిరిగేవారు ఉన్నారు. దీర్ఘకాలిక దిబ్బడ అనుకునేదాంట్లో కొంత భాగం ఈ చుక్కలు తెచ్చిపెట్టిందే. మానేటప్పుడు ముందు ఒక రంధ్రంలో ఆపి, స్టెరాయిడ్ స్ప్రే సాయంతో రెండోదానిలో ఆపే పద్ధతిని వైద్యులు సూచిస్తారు.

ఫ్లూటికసోన్, మొమెటసోన్ వంటి స్టెరాయిడ్ స్ప్రేలు ఈ జబ్బుకు ప్రధాన మందు. వీటితో ఫలితం నిమిషాల్లో రాదు. రోజూ వాడగా ఒకటి రెండు వారాలకు తెలుస్తుంది, పూర్తి మేలుకు ఇంకా సమయం పడుతుంది. ఉప్పునీటితో కడిగిన తరువాత కుడి రంధ్రానికి ఎడమ చేత్తో, ఎడమ రంధ్రానికి కుడి చేత్తో, మధ్య దూలం మీద పడకుండా బయటి వైపుకు కొట్టాలి. గట్టిగా పీలిస్తే మందు గొంతులోకి పోతుంది. ముక్కు నుంచి రక్తం పడటానికి తరచు కారణం దూలం మీదికి కొట్టడమే.

సెట్రిజిన్ వంటి మాత్రలు తుమ్ములు, దురద ఉన్న అలర్జీకి పనిచేస్తాయి, చిక్కటి చీమిడికి కాదు. జలుబు మాత్రల్లో విరివిగా కలిసే ఫినైలెఫ్రిన్, నోటి ద్వారా తీసుకుంటే ముక్కు దిబ్బడను తగ్గించదని అమెరికా ఔషధ సంస్థ సలహా సంఘం 2023 సెప్టెంబరులో ఏకగ్రీవంగా తేల్చింది. అదే ఏడాది డిసెంబరులో భారత ఔషధ నియంత్రణ సంస్థ క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ మిశ్రమాన్ని నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని ఆదేశించింది.

ఇంటి వాతావరణం

దుమ్ము పురుగులు గాలిలో తేమను పీల్చుకుని బతుకుతాయి. తేమ 50 శాతం లోపు ఉంటే నిలవలేవు. కోస్తా జిల్లాల్లో ఏడాదిలో అధిక భాగం తేమ ఎక్కువే కాబట్టి దిండు గలీబులు, దుప్పట్లు వారానికోసారి 55 నుంచి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకడం, పరుపుకు జిప్పున్న తొడుగు వేయడం ముఖ్యం. ఎండలో ఆరవేయడం కొంత మేలు చేస్తుంది. ఎండాకాలంలో తెలంగాణ, రాయలసీమల పొడి గాలికి ముక్కు లోపల పక్కులు కడతాయి. అక్కడ తేమ పెంచడమే అవసరం, ఉప్పునీటి స్ప్రే చాలు. ఎయిర్ కూలర్ పెట్టెలో నీళ్లు మార్చకుండా వదిలేస్తే బూజు గదంతా వ్యాపిస్తుంది.

సాంబ్రాణి, అగరుబత్తి, దోమల కాయిల్ పొగలన్నీ శైలికల పనిని మందగింపజేసేవే. ‘ముక్కు తెరుచుకోవాలని’ సాంబ్రాణి ధూపం పట్టడం ఆ రీత్యా ఎదురు తిరిగే వైద్యం. రాత్రి తలవైపు ఎత్తుగా ఉంచుకుని పడుకుంటే దిబ్బడ కొంత తగ్గుతుంది.

గర్భిణులకు చివరి నెలల్లో హార్మోన్ల వల్ల వచ్చే దిబ్బడ కాన్పు తరువాత వారాల్లో దానంతట అదే పోతుంది. అప్పటిదాకా ఉప్పునీరు, తల ఎత్తు సురక్షితమైన మార్గాలు.

ఆస్పత్రికి వెళ్లవలసిన సూచనలు

ఉప్పునీరు, స్ప్రే క్రమం తప్పకుండా వాడినా రెండు మూడు నెలల్లో మార్పు లేకపోతే ఈఎన్‌టీ వైద్యుని చేత ఎండోస్కోపీ చేయించుకోవాలి. ఒకే వైపు దిబ్బడతో రక్తపు చార, వంగినప్పుడు ఒకే వైపు నుంచి నీళ్లలా కారే ద్రవం ఉంటే అంతకాలం ఆగకూడదు. మొదటిది గడ్డకు, రెండోది మెదడు చుట్టూ ఉండే ద్రవం కారడానికి సంకేతం కావచ్చు. కనురెప్ప వాపు, ఒకటి రెండుగా కనిపించడం, నుదుట ఉబ్బు, తీవ్ర జ్వరంతో మెడ బిగుసుకుపోవడం ఉంటే అదే రోజు ఆస్పత్రికి చేరాలి.

అదుపులో లేని మధుమేహం ఉన్నవారు, స్టెరాయిడ్ మాత్రలు లేదా ఇంజెక్షన్లు వాడినవారు మరింత అప్రమత్తంగా ఉండాలి. మ్యూకర్‌మైకోసిస్ (బ్లాక్ ఫంగస్) అనే ప్రమాదకరమైన ఫంగస్ జబ్బు సోకే అవకాశం వారికి ఎక్కువ. 2021 మేలో అది విజృంభించినప్పుడు తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా నివేదించవలసిన వ్యాధిగా ప్రకటించి, హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆస్పత్రిని చికిత్సకు ప్రధాన కేంద్రంగా నియమించింది. ఆంధ్రప్రదేశ్ ఆ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఆ జబ్బు తరచు ముక్కులోనే, సాధారణ సైనస్ దిబ్బడలాగే మొదలవుతుంది. చెంప తిమ్మిరెక్కడం, పై పళ్లు కదలడం, ముక్కులో గానీ అంగిట్లో గానీ నల్లటి పక్కు కనిపించడం దాని ఆనవాళ్లు. ఇవి కనిపించాక ఇంట్లో గంటలు గడపకుండా నేరుగా ఈఎన్‌టీ విభాగం ఉన్న ఆస్పత్రికి వెళ్లాలి.